అమీర్‌పేట ఫీజు కట్టేముందు

ఏరా మామా,

వెబ్ డిజైనింగ్ కోర్సులో చేరాలా వద్దా అని అడిగావు కదా. మైత్రీవనం దగ్గర రెండడుగులు వేస్తే చేతినిండా పాంప్లెట్లు పెడతారు. చేరితే పోయేదేం లేదు. కానీ ఆ ఫీజు కట్టేముందు ఎవరికైనా ఒక్క సైటు చేసిపెట్టు. నాకు పని వంటబట్టింది అలాగే.

నా సొంత సైటు తెలుసుగా, గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీసులో పైసా ఖర్చు లేకుండా పెట్టా. రంగు నచ్చకపోతే రాత్రికి రాత్రే మార్చేవాణ్ణి, అడిగేవాడు లేడు. చూసేవాడూ లేడనుకో (నువ్వూ చూళ్లేదు, నాకు తెలుసు). పేజీలో ముక్కల్ని వరసల్లో, గళ్లలో సర్దే ఫ్లెక్స్‌బాక్సు, గ్రిడ్డు దానిమీదే నేర్చుకున్నా.

ఆ తర్వాత నల్లకుంటలో పచ్చళ్లు అమ్మే ఆంటీగారి సైటు దొరికింది. పేర్లన్నీ తెలుగులోనే ఉండాలన్నారు. తీరా చూస్తే టెంప్లేట్లన్నీ (రెడీమేడ్ డిజైన్లు) ఇంగ్లీషు అక్షరాల కొలతలతో చేసినవే! లైన్ హైట్, అంటే ఒక్కో వరసకిచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.2 రెట్లుంటే ఇంగ్లీషుకి హాయిగా సరిపోతుంది. మనకైతే పై వరస వత్తు వచ్చి కింది వరస గుడి నెత్తినెక్కుతుంది. బటన్‌కి ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికొచ్చిన భాగం కనబడకుండా కోసెయ్) అని ఉంటే ఇంకా ఘోరం. 'చింతకాయ తొక్కు' కాస్తా 'తొకు' అయింది. "వత్తు ఎవరు తిన్నారు బాబూ?" అన్నారావిడ. బటన్ ఎత్తు తీసేసి ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చి, లైన్ హైట్ 1.7 చేస్తే కుదిరింది. మామూలు అక్షరాలకి మండలి ఫాంటు, హెడింగులకి రామభద్ర పెట్టా. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

ల్యాప్‌టాప్‌లో చూసుకుని మురిసిపోకు, కొనేవాళ్లు చూసేది ఫోన్లో. ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ డిజైన్ (స్క్రీన్ సైజుని బట్టి పేజీ సర్దుకోవడం) మీద రాసిన వ్యాసం వెతికి చదువు, ఇప్పటికీ పనికొస్తుంది. ఆంటీగారి పచ్చడి జాడీల ఫోటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉండేవి. వెడల్పు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫోటో ఫార్మాట్‌లోకి మార్చాకే సిగ్నల్ సరిగ్గా లేనిచోట కూడా పేజీ తెరుచుకుంది.

డబ్బులంటావా, సగం అడ్వాన్సు మొహమాటపడకుండా అడుగు. డొమైన్ (సైటు అడ్రసు) మాత్రం వాళ్ల పేరుమీద, వాళ్ల మెయిల్‌తోనే కొనిపించు. నీ పేరున ఉందా, రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఫోన్లు నీకే.

మీ బాబాయి టెంట్‌హౌస్‌కి సైటు లేదుగా? షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, వేటి అద్దె ఎంతో ఒక కాగితం మీద రాయించుకురా. ఆదివారం పాత పుస్తకాలకి ఆబిడ్స్ వెళ్తున్నా, అక్కడే కలుద్దాం. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దని బాబాయికి చెప్పు, క్వాలిటీ పోతుంది. డాక్యుమెంటుగా పంపమను.