వార్షిక నివేదిక: ఉన్నత పాఠశాలలో వైరింగ్ శిక్షణ

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం తలకెత్తుకున్న పని ఒక్కటే. మన ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంటి వైరింగ్ నేర్పించాం. నాలుగు వృత్తులు పైపైన చూపించేకంటే ఒక్కటి చేతికి వచ్చేదాకా నేర్పడం మేలని మా నమ్మకం.

సాధనకు ఇద్దరికొక బోర్డు. ముగ్గురైతే ఒకరు చూస్తూ నిలబడిపోతారు. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే ఆపే స్విచ్), ఒక మామూలు స్విచ్, రెండు టూవే స్విచ్‌లు (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆపేవి), రెండు హోల్డర్లు, ఒక త్రీపిన్ సాకెట్ బిగించాం. తీగ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. ఫేజ్‌కు (కరెంటు వచ్చే తీగ) ఎరుపు, న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగ) నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ.

పిల్లలు ఎక్కువగా తడబడేది తీగ తొడుగు ఒలిచేటప్పుడే. ఎక్కువ ఒలిస్తే రాగి బయటికి కనిపిస్తుంది. తక్కువ ఒలిస్తే స్క్రూ తొడుగు మీద కూర్చుంటుంది. బల్బు వెలుగుతుంది గానీ కొన్నాళ్లకు అక్కడే వేడెక్కి కాలుతుంది. ఇంకా ప్రమాదకరమైన తప్పు, స్విచ్‌ను న్యూట్రల్‌కు వేయడం. స్విచ్ ఆపితే లైటు ఆరుతుంది, హోల్డర్‌లో కరెంటు మాత్రం ఉంటుంది. అందుకే లైటు వెలిగిందా లేదా అని కాక, ఆపాక టెస్టర్ పెట్టి చూసి మార్కులు వేయించాం. మెట్ల దగ్గరి వైరింగ్‌లో టూవే స్విచ్ కామన్ పాయింటు మారిపోతే, ఒక స్విచ్ ఒక వైపు ఉన్నప్పుడే రెండోది పనిచేస్తుంది.

కరెంటు ఇచ్చే ముందు ప్రతి బోర్డునూ 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్‌లో, అంటే బోర్డుకు వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా కలిపి, పరీక్షించాలి. షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. ఈ పనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ఆర్‌సీసీబీ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి ముట్టుకుంటే అది కరెంటును ఆపదు.

ఖర్చు అంచనాలో మేం పొరబడింది తీగ దగ్గర. బోర్డు ఒక్కసారి కొంటే చాలు. తీగ కొసలు ప్రతి సాధనకూ కొంత తెగిపోయి, చివరికి పొట్టివైపోతాయి. వచ్చే ఏడాది పద్దులో తీగకు విడిగా సొమ్ము పెట్టాం.

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చేస్తే, ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ చదువు మార్కులు రానివాళ్లకే అనుకునే తల్లిదండ్రులకు ఈ దారి విడమరిచి చెప్పండి.

ఇళ్లలో పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బులుంటే పాఠశాలకు ఇవ్వండి. పాత తీగ మాత్రం వద్దు. వంగి వంగి ఉన్న పోగులు స్క్రూ బిగించగానే తెగుతాయి.