బరోలో వద్దు, ఆ ఆరు యూరోల సీసా తే

చిట్టితల్లీ,

నా షష్టిపూర్తికి బరోలో, అదే ఆ ఖరీదైన ఇటలీ రెడ్ వైన్, తెస్తానని, దాని ధర ఇంతని ఫోన్లో అన్నావు. స్పీకర్లో విన్న మీ అమ్మ వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే సర్దింది. నా బెంగ డబ్బు గురించి కాదు. పోయిన అక్టోబరులో బొలోన్యా నుంచి రైల్లో పెస్కారా తీసుకెళ్లావే, దారిలో చాలాసేపు ఎడమ పక్క సముద్రం! ఆ సాయంత్రం సూపర్‌మార్కెట్లో ఆరు యూరోలు పెట్టి కొన్నావు చూడు, మోంతెపుల్చానో దబ్రుజ్జో, ఆ అబ్రుజ్జో ప్రాంతపు రెడ్ వైన్. నాకు అది కావాలి.

మొదటి గుక్కకి పచ్చి వక్క నమిలినట్టుందని మొహం చిట్లించాను. "ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడింగ్ చేశావు, దీన్నీ అలాగే చూడు నాన్నా" అన్నావు. నన్ను దొరకబుచ్చుకున్నావు. వేలంలో పొగాకు బేలు విప్పితే ముందు రంగు చూస్తాం, తర్వాత ఆకు నలిపి వాసన పడతాం, ధర ఆఖరున. అలాగే గ్లాసుని తెల్లకాగితం మీద వంచాను. నడిమధ్య నేరేడు నలుపు, అంచున ఊదా. వయసు మీదపడితే ఆ అంచు ఇటుక రంగుకి తిరుగుతుందన్నావు. వాసన నీకు నల్ల చెర్రీ, నాకు మాగిన నేరేడే. దాని వెనక మిరియం. ఇంకా వెనక, పొగాకుని వేడికి ఆరబెట్టాక ఆ కొట్టం, అదే బ్యారన్, తలుపు తీస్తే గుప్పుమనే ఆ తీపి వాసన, ఒక్క పిసరు. పొగాకు మనిషికి అన్నీ పొగాకేనంటుంది అమ్మ. అననీ.

ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగే టానిన్ అనే పదార్థానిది. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటుంది, అందుకే నాలుక గరుకెక్కుతుంది. ఈలోపు నువ్వు అరొస్తిచీని పొట్లం కట్టించుకొచ్చావు. పుల్లలకి గుచ్చి నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసం, గోరంత ముక్కలు, ఉప్పు తప్ప ఇంకేం లేదు. కారం లేని మాంసమేంటని గొణిగాను కూడా. రెండు పుల్లలు తిని మళ్లీ గుక్క వేస్తే అదే వైన్ మెత్తబడిపోయింది! పట్టుకోడానికి మాంసం దొరికేసరికి టానిన్ నా నాలుకని వదిలేసింది.

కొనేటప్పుడు పేరు చూసుకో. ఇటలీలోనే తోస్కానా ప్రాంతంలో మోంతెపుల్చానో అని ఊరుంది, అక్కడి వీనో నోబిలే అనే వైన్ ప్రధానంగా సాంజోవేసే ద్రాక్షది, ధరా ఎక్కువే. మనది ద్రాక్ష పేరు, ఊరితో పనిలేదు. బొంబాయి రవ్వకి బొంబాయితో ఉన్న చుట్టరికమే. సీసా మీద అబ్రుజ్జో అనీ, డీఓసీ అనీ (ఫలానా ప్రాంతపు వైనేనని చెప్పే ముద్ర) ఉంటే చాలు. మన వైన్‌కి 1968 నుంచి ఉందట ఆ ముద్ర.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నువ్వు కట్టిచ్చిన రెండో సీసా అటక మీద పెట్టాను. ఒంగోలు ఎండలు తెలుసుగా. జూన్లో తీస్తే ఖర్జూరం ఉడికించిన నీళ్లలా ఉంది. బరోలో అయితే 38 నెలలు మాగితే గానీ అమ్మరట, కొన్నాక కూడా ఏళ్లు దాచాలట. మా అటకతో అయ్యే పనా అది? ఈసారి సీసా ఫ్రిజ్ తలుపులో ఉంటుంది, తాగే అరగంట ముందు తీస్తా.

పూజ రోజు కాదులే, మర్నాడు. బాబాయికి వేటమాంసం పురమాయించాను, సగం కారం లేకుండా కాల్పిస్తా. అమ్మకి సంగతి నేను చెప్తా, నువ్వు నోరెత్తకు. సీసాని మాత్రం అమ్మకి తెచ్చే స్వెటర్లో చుట్టకు. పగిలితే స్వెటరూ పోతుంది, మనిద్దరమూ పోతాం.

నాన్న