సబ్మిట్ బటన్ అమ్మతోనే నొక్కించు

నల్గొండ,
ఆదివారం రాత్రి

అరే దోస్త్,

నీ ఉత్తరం మొన్న చేరింది. చెల్లె కడుపుతో ఉందని చదవగానే మస్తు సంతోషమైంది. మన వనపర్తి ఇంట్లో లంగా ఓణీ వేసుకుని తిరిగిన పిల్ల తల్లి కాబోతుందంటే నమ్మకం కుదరడం లేదు. అమ్మను డల్లాస్ పంపాలి, వీసాకు మంచి ఏజెంట్ ఎవరున్నారో చెప్పమన్నావు.

ఏజెంట్ వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్తా. కొంచెం పొడుగవుతుంది, ఓపికతో చదువు.

పోయినేడు హాలియా దిక్కు నుంచి ఒక పెద్దాయన, పెద్దమ్మ మా ఇంటికి వచ్చారు. బత్తాయి తోట ఉంది, రెండు బర్రెలున్నాయి, కొడుకు ఊర్లోనే ఉంటాడు. బిడ్డ కాన్పుకు అమెరికా పోవాలి. అప్పటికే ఒకసారి ఇంటర్వ్యూకు పోయి వీసా రాక తిరిగొచ్చారు. కాన్పు మాటే ఎత్తొద్దు, నయాగరా చూడ్డానికి పోతున్నాం అనాలి అని ఏజెంట్ వారం రోజులు బట్టీ పట్టించాడట. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో వీసాలిచ్చే అమెరికా ఆఫీసు, అదే కాన్సులేట్‌లో, తెలుగులోనే అడిగారు, భాష ఇబ్బంది రాలేదు. నయాగరా తర్వాత ఇంకా ఏమేం చూస్తారని అడిగితే పెద్దాయనకు నోరు పెగల్లేదు. ఇప్పుడే ఎందుకు పోతున్నారని పెద్దమ్మను అడిగితే ఆమె తలొంచుకుని నిలబడింది. రెండు నిమిషాల్లో పాస్‌పోర్టులూ ఒక కాగితమూ చేతికిచ్చి పంపించారు.

"నా బిడ్డ కాన్పుకు పోతున్న అని చెప్తే తప్పేంది బిడ్డా? ఆ అబద్ధం నాకు మింగుడు వడలే" అన్నది మా అరుగు మీద కూర్చుని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్లకిచ్చిన కాగితం మీద 214(బి) అని ఉంది. అది అక్కడి చట్టంలోని సెక్షన్. టూరిస్ట్ వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకుంటారు. కాదు, నాకు ఇక్కడ ఇల్లుంది, వాకిలుంది, తిరిగొస్తా అని ఒప్పించాల్సింది అడిగేవాళ్లే. దీని మీద అప్పీలు ఉండదు. కట్టిన ఫీజు తిరిగి రాదు. ఒక్కొక్కరికి 185 డాలర్లు, మన రూపాయల్లో పదిహేను వేలకు పైనే. మళ్లీ పోవాలంటే మళ్లీ కట్టాలి.

ఏజెంట్ నింపి ఇచ్చిన వీసా ఫారం కాపీ తెరిచి చూస్తే వృత్తి దగ్గర బిజినెస్ అని ఉంది. తోట మాటే లేదు! ఆ మనిషి నలభై ఏండ్లుగా పెంచిన తోట అది. వెనక్కి రావడానికి ఆయనకున్న గట్టి కారణాన్నే తీసేశారు. నాకు కోపం వచ్చింది.

మేం మళ్లీ మొదటి నుంచి నింపాం. ఆ ఫారం పేరు డీఎస్-160. ఇంతకుముందు వీసా నిరాకరించారా అని ఒక ప్రశ్న ఉంటుంది, అవును అని రాశాం. ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అనీ ఉంటుంది. అక్కడ నా పేరు పెట్టాను. చాలామంది ఏజెంట్లు అక్కడ లేదు అని కొట్టేస్తారు. ఫారం ఎవరు నింపినా చివర్లో సంతకంగా నొక్కే సబ్మిట్ బటన్ మాత్రం ఆ మనిషే నొక్కాలని రూలు. అందుకే ప్రతి జవాబూ తెలుగులో చదివి వినిపించి, పెద్దమ్మ చేతికి మౌస్ ఇచ్చాను. ఆమె వేలు వణికింది కానీ నొక్కింది.

రెండోసారి ఇంటర్వ్యూలో ఎన్నాళ్లుంటారని అడిగితే "నాలుగు నెలలు సార్, బత్తాయి తెంపే యాళ్లకు రావాలె" అన్నాడట పెద్దాయన. వీసా వచ్చింది. నిజం చెప్తే ఖాయంగా వస్తుందని నేననను, నిర్ణయం ఆ ఆఫీసర్‌దే. కానీ అమ్మ తనకు తెలియని కథ ఒకటి మోసుకుంటూ ఆ కిటికీ ముందు నిలబడొద్దు.

ఇప్పుడు అమ్మ సంగతి. ముందు ఆమె పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి చూడు. మన దిక్కు ఆడవాళ్లకు చాలాసార్లు అది ఖాళీగా ఉంటుంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అట్లుంటే వీసా ఫారంలో ఆ పేరు సర్‌నేమ్ దగ్గర రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (FNU, అంటే మొదటి పేరు తెలియదు) అని పెట్టాలి. వీసా మీద కూడా అదే పడుతుంది, తప్పు పడిందని టెన్షన్ పడొద్దు. పుట్టిన తేదీ కూడా అంతే. వానాకాలం నాట్లప్పుడు పుట్టానని అమ్మ చెప్పేది నాకు గుర్తుంది. ఫారంలో మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్న తేదీయే పడాలి.

ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, రెండించులు బై రెండించులు, ఆరు నెలల లోపుది ఉండాలి. కళ్లద్దాలు తీసేయమను. ఫారం తెరవగానే అప్లికేషన్ నంబర్ రాసి పెట్టుకో, ఇరవై నిమిషాలు ముట్టుకోకపోతే పేజీ మూసుకుపోతుంది. గడిచిన ఐదేండ్లలో వాడిన సోషల్ మీడియా అకౌంట్లు అడుగుతారు. అమ్మ ఫోన్‌లో నువ్వు ఫేస్‌బుక్ తెరిచి ఇచ్చి ఉంటే అదీ రాయాలి. హైదరాబాద్‌కు రెండుసార్లు పోవాలి, ఒకసారి వేలిముద్రలకు, ఇంకోసారి ఇంటర్వ్యూకు. కాన్సులేట్ లోపలికి ఫోన్ రానివ్వరు, నువ్వు బయటే ఉండాలి. ఆ సంగతి అమ్మకు ముందే చెప్పు, లేకుంటే గేటు దగ్గర బెదిరిపోతుంది.

ఇంకో సంగతి, వీసా మామూలుగా పదేండ్లకు ఇస్తారు. అట్లని పదేండ్లు ఉండనిస్తారని కాదు. అక్కడ దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్ ఆఫీసర్ ఎన్నాళ్లు ఇస్తే అన్నాళ్లే, తరచుగా ఆరు నెలలు. చెల్లెకు ఇది గట్టిగా చెప్పు. అమ్మకు షుగర్ ఉంది కదా, ప్రయాణపు ఇన్సూరెన్స్ కూడా తీసుకో. వీసాకు అడగరు కానీ అక్కడ ఆస్పత్రి ఖర్చు మనం మోయలేం.

పట్టాదార్ పాస్‌బుక్, పెన్షన్ కాగితాలు ఫైల్‌లో పెట్టు, చూస్తే చూస్తారు, లేకుంటే లేదు. అమ్మతో మాత్రం ఏమీ బట్టీ పట్టించకు. చెల్లె ఏం చేస్తుంది, నెలలెప్పుడు నిండుతాయి, తిరిగొచ్చాక ఇక్కడ ఎవరితో ఉంటుంది, ఇవి ఆమెకు నీకంటే బాగా తెలుసు.

వచ్చే ఆదివారం అమ్మను తీసుకుని రా, మా ఇంట్లోనే కూర్చుని నింపుదాం. అంతలోపు ఆమె పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో తీసి పంపు. సర్‌నేమ్ గడి స్పష్టంగా కనబడాలి.

నీ దోస్త్