బ్యాటరీ పెట్టుకోండి అంటే సరిపోయిందా?

సంపాదకుడు గారికి,

మొన్నటి వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. వెంటనే రాయాల్సింది గానీ, కరెంటు ఉన్నప్పుడు పని, లేనప్పుడు కస్టమర్లకు సంజాయిషీ, ఈ రెంటి మధ్య తీరిక దొరకలేదు. చిన్న చిన్న షాపుల వాళ్లు ఇక కరెంటు కోసం ఎదురుచూడక్కర్లేదట. ఒక ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు పెట్టుకుంటే మిషన్లన్నీ హాయిగా తిరుగుతాయట. పేరు వేయలేదు గానీ, ఒక అధికారి గారు కూడా అదే సెలవిచ్చారట. మా వీధిలో ఆ పేపరు చేతులు మారి మారి నలిగిపోయింది, అందరూ నవ్వుకోవడానికే.

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో కరెంటు సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. గాలి వీస్తే చెట్టుకొమ్మ, వాన పడితే ఇన్సులేటరు, ఎండ కాస్తే ఓవర్‌లోడు, ఈ మూడూ లేని రోజు మెయింటెనెన్సు. బిల్లు మాత్రం ఏ వానకీ ఆగదు.

నాది వడ్రంగి షాపు. బ్యాటరీ అంటే నాకేం పడక కాదు, నా షాపులోనే ఉన్నాయి, అందుకే చెబుతున్నాను. మీ విలేకరి ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి ఉంటే ఆ వార్త అలా వచ్చేది కాదు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్ అవర్లు, అంటే రెండు యూనిట్లు కూడా కాదు. యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి మిగిలేది 900. ఇన్వర్టరు తినేది పోగా చేతికొచ్చేది దాదాపు 800. నా చిత్రిక మిషనుకు ఒక హార్స్‌పవర్ మోటారు. అది 746 వాట్లని బోర్డు మీద రాసి ఉంటుంది గానీ, లాగేది వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. లెక్క ప్రకారం ముప్పావుగంట నడవాలి. కానీ వెయ్యి వాట్లంటే ఆ బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు లాగాలి. డబ్బా మీద రాసిన 150 అన్నది 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క, ఒక్కసారిగా లాగితే అందులో చాలా భాగం మనకు రానే రాదు. పైగా అంత కరెంటు మోయడానికి మామూలు వైరు చాలదు, వేడెక్కి తొడుగు కరిగి వాసన వస్తుంది.

నడవడం తర్వాత, ముందు స్టార్ట్ అవ్వాలి కదా! ఇలాంటి మోటారు స్విచ్ వేసిన క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకీ టీవీకీ పెట్టుకునే 900 వీఏ ఇన్వర్టరు ఆ దెబ్బకి 'కీక్' మని అరిచి పడుకుంటుంది. కరెంటును మెట్లుమెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది, ఆ తర్వాత వైండింగు షాపుకు మోసుకెళ్లడమే. లైన్లో కరెంటులాగే నున్నగా ఇచ్చే సైన్ వేవ్‌లో, ఆ దెబ్బ తట్టుకునే సైజువి దొరుకుతాయి, దొరకవని కాదు. వాటి ధర ఎంతో మీ వార్తలో ఎందుకు లేదు?

నడిచేవీ ఉన్నాయి, అది కూడా చెప్పాలి. మా పక్క షాపు దర్జీ తమ్ముడి కుట్టు మిషను మోటారు 100 వాట్లు, అదీ కాలితో నొక్కినప్పుడే తిరుగుతుంది. ఒక బ్యాటరీతో పూటంతా కుట్టుకుంటాడు. నా డ్రిల్ మిషనూ, నాలుగంగుళాల గ్రైండరూ కార్బన్ బ్రష్‌లతో తిరిగే చిన్న మోటార్లవి, రెండు బ్యాటరీల 24 వోల్టుల ఇన్వర్టరు మీద పేచీ లేకుండా తిరుగుతాయి, ఎందుకంటే వాటిని ఒక నిమిషం వాడతాం, రెండు నిమిషాలు పక్కన పెడతాం. స్క్రూలు బిగించడానికి 18 వోల్టుల కార్డ్‌లెస్ మిషన్లు వచ్చాయి, నిజంగా మంచివి. కాకపోతే దాని 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 72 వాట్ అవర్లే, తలుపులకు బందులు బిగించడానికి సరిపోతుంది గానీ టేకు దుంగ కోయడానికి కాదు. మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరు. ఆ పనివాళ్ల పాలిష్ మోటారు గంటల తరబడి ఆగకుండా తిరగాలి, వాళ్లకి ఈ సలహా ఎందుకూ పనికిరాదు. వెల్డింగు వాళ్ల సంగతి ఎత్తనే వద్దు.

ఇంతకీ ఆ బ్యాటరీ నిండేది దేంతో? అదే కరెంటుతో కదా! అడుగంటిన 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండడానికి 10 గంటలకు పైనే పడుతుంది, ఆ పది గంటలూ సరైన వోల్టేజీ ఇస్తే నాకు బ్యాటరీ ఎందుకండీ? సోలార్ పెట్టుకోమంటారు. వెయ్యి వాట్ల ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, ఒప్పుకుంటాను. మాకు కరెంటు ఎక్కువగా పోయేది మాత్రం వానాకాలంలో, మబ్బులు కమ్మినప్పుడు.

మీరు వేసిన ఫొటో గురించి కూడా చెప్పాలి. గ్రైండర్ నిప్పురవ్వలు ఎగురుతుంటే, వాటికి చేతి దూరంలో మూతలు తీసిన యాసిడ్ బ్యాటరీలు! ఛార్జింగ్ అయ్యేటప్పుడు వాటినుంచి హైడ్రోజన్ వస్తుందనీ, ఒక్క రవ్వ చాలు పేలడానికనీ ఐటీఐ కుర్రాడినడిగినా చెబుతాడు. నేను బ్యాటరీలు వెనక వరండాలో, గాలి ఆడే చోట పెట్టాను. ఆ ఫొటో చూసి ఎవరైనా అలాగే పెట్టుకుంటే బాధ్యత ఎవరిది?

ఇక పథకాలు. ప్రధానమంత్రి విశ్వకర్మ 2023 సెప్టెంబరులో మొదలైంది, వడ్రంగి నుంచి దర్జీ దాకా 18 వృత్తులు, పనిముట్లకు 15,000 రూపాయలు. సంతోషం. దాంతో మిషను కొనుక్కున్నాక ఇన్వర్టరు ఎవరి జేబులోంచి? లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తారు, అంటే కరెంటు వాళ్లు సరిగా ఇవ్వని దానికి నేను అప్పు చేయాలన్నమాట. 2024లో వచ్చిన, ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించే సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 దాకా సబ్సిడీ ఇస్తుంది గానీ అది ఇళ్లకు, షాపులకు కాదు. ఇంటి మీద పెట్టుకున్న మా బావమరిదికి ఇంకో చిక్కు తెలిసొచ్చింది: లైన్లో కరెంటు పోతే ఆ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు, పెట్టాల్సిందే. కానీ ఎర్రటి ఎండలో, నెత్తి మీద ప్యానెళ్లు పెట్టుకుని విసనకర్రతో విసురుకోవడం చూడాలి మీరు. ఆగకుండా ఉండాలంటే బ్యాటరీ, దాంతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు వేరే కొనాలి, ఆ బ్యాటరీకి కేంద్రం ఇచ్చేది ఏమీ లేదు. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

నీళ్లు మనవే, కొండలు మనవే. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి నీటితో కరెంటు తయారవుతోంది, బలిమెలలో 510 మెగావాట్లు. రెండూ ఇటు కోరాపుట్, మల్కనగిరి జిల్లాల్లోవే, మాచ్‌ఖండ్ కరెంటులోనూ, బలిమెల నీళ్లలోనూ ఆంధ్రాకీ ఒడిశాకీ వాటా ఉంది. మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో లైట్లు కనిపిస్తూనే ఉంటాయి, ఇవతల మేం కొవ్వొత్తి వెతుక్కుంటూ ఉంటాం. 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపారు, అప్పటి నుంచి మా గోడు అటు చెబితే "మీరు ఒడిశా వాళ్లు" అంటారు, ఇటు చెబితే ఫారం నింపి తెమ్మంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు స్తంభాలు వంగి తీగలు వీధుల్లో పడ్డాయి, అప్పుడు కరెంటు లేదంటే ఎవరూ అడగలేదు, అర్థం చేసుకున్నాం. ఇప్పుడు ఏ తుపానూ లేదు కదా? ఒకప్పుడు లైన్‌మ్యాన్ ఎవరో తెలిసేది, ఇంటికెళ్లి పిలిస్తే నిచ్చెన భుజానేసుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, చివరికి ఒక టోకెన్ నంబరు. ఆ నంబరు పెట్టి మోటారు తిరుగుతుందా?

కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో 24 గంటల కరెంటు ఇవ్వాలని ఉంది, ఇవ్వకపోతే పరిహారం ఇవ్వాలనీ ఉంది. మీ విలేకరి ఈసారి బ్యాటరీల షాపుకు కాకుండా కరెంటు ఆఫీసుకు వెళ్లి, మాకు కరెంటు తెచ్చే లైను, అదే ఫీడరు, నెలకు ఎన్ని గంటలు ఆగిందో, ఆ పరిహారం ఎవరికైనా ఇచ్చారో రాబట్టి వేయండి. వేస్తే ఆ పేపరు నేనే నాలుగు కొని మా వీధిలో పంచుతాను.

ఇట్లు,
ఒక వడ్రంగి షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా