మూర్ఛ పిల్లల డైట్‌కు మన జిల్లాల్లో తోడు కావాలి

సంపాదకులకు,

రెండు మందులు వాడినా మా ఆరేళ్ల పాపకు ఫిట్స్ ఆగలేదు. డాక్టరు కీటోజెనిక్ డైట్ (కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉండే తిండి) పెట్టించారు. ఇది 1921 నుంచీ ఉన్న వైద్యమే. 2008లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలో ఈ డైట్ పాటించిన పిల్లల్లో 38 శాతం మందికి మూడు నెలల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి.

కానీ వంటింట్లో ఇది చాలా కష్టం. అసలు పద్ధతిలో నాలుగు గ్రాముల కొవ్వుకు పిండిపదార్థం, ప్రొటీన్ కలిపి ఒక్క గ్రామే. సంగటి, అన్నం, అరటిపండు దాదాపు బంద్. నెయ్యి, గుడ్డు, పనీర్ అన్నీ తూకం వేసే పెట్టాలి. జ్వరం సిరప్‌లో చక్కెర కూడా లెక్కే. చుట్టాలు ‘స్వామి ప్రసాదమే కదమ్మా’ అని లడ్డూ ముక్క నోట్లో పెడితే నాకు ఒకటే టెన్షన్.

దయచేసి వీడియోలు చూసి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. కొన్ని జన్యు జబ్బులున్న పిల్లలకు ఇది ప్రాణాపాయం. ముందు పరీక్షలు చేయించాలి, మందులు మానకూడదు.

తిరుపతి, చిత్తూరు ప్రభుత్వాసుపత్రుల్లో ఈ డైట్ తెలిసిన డైటీషియన్‌ను తప్పక నియమించాలి. మన వంటలతో తెలుగులో తూకాల పట్టిక ఇవ్వాలి. బడి ఆయమ్మలకూ, అంగన్‌వాడీ టీచర్లకూ ఒక్కపూట శిక్షణ ఇప్పించాలి.

— ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి