కోళ్ల గూటి ఆటోమేటిక్ తలుపు: మీ కస్టమర్ కేర్ నిర్లక్ష్యంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

యంత్రం అన్నాక చెడిపోతుంది. అంతమాత్రానికే మిమ్మల్ని నిలదీసేదాన్ని కాదు. నా కడుపు మండింది మీ వాళ్లు నన్ను తిప్పించుకున్న తీరుకి.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇంటి వెనక కొబ్బరి తోటలో నాటుకోళ్లు పెంచుతాం. పగలంతా తోటలో పురుగూ పుట్రా ఏరుకుని, పొద్దు గూకగానే వాటంతటవే గూట్లోకి చేరతాయి. పగలు ముంగిస వస్తే పుంజు గోల చేస్తుంది, మా అత్తయ్య అరుగు మీద నుంచే అదిలిస్తారు. అసలు టెన్షన్ చీకటి పడ్డాకే. చీకట్లో కోడికి సరిగా కనపడదు, బావురుపిల్లి పక్కకొచ్చినా కదలకుండా కూర్చుంటుంది. చలికాలం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. అత్తయ్య మోకాళ్ల నొప్పులతో వంగి గూటి తలుపు వెయ్యలేరు. అందుకే మీ వెబ్‌సైట్‌లో ఆ తలుపు కొన్నాను. వెలుతురు తగ్గగానే దానంతటదే దిగేది. బాగుందని మా ఆడపడుచు చేత కూడా కొనిపించాను, ఊళ్లో ఇంకొందరికి చెప్పాను.

ఇప్పుడది సగం దాకా దిగి, ఏదో అడ్డం తగిలినట్టు మళ్లీ పైకి పోతోంది. వారంటీ ఉంది కదా అని ఫోన్ చేశాను.

మొదట మాట్లాడిన అమ్మాయి ఫొటో పంపమంది, పంపాను. ఆ తర్వాత ఎత్తినాయన ఫొటో చాలదు, తలుపు దిగేటప్పుడు వీడియో తీయమన్నాడు. ఆ తలుపు దిగేదే చీకటి పడే వేళ. టార్చి వెలుగులో తీసి పంపిస్తే, వీడియో క్లియర్‌గా లేదని మెసేజ్ పెట్టారు. ఇంకొకాయన వైఫై ఆపి మళ్లీ వేయమన్నాడు. నా తలుపుకి వైఫై లేదు బాబూ అంటే, తన ముందున్న కాగితంలో ఉన్నదే మళ్లీ చదివాడు. ప్రతిసారీ పేరు, ఊరు, ఆర్డర్ నంబరు, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పుకోవాలి. ముందు ఫోన్లో చెప్పిందేదీ వాళ్ల దగ్గర ఉండదు.

చివరికి ఇంజనీర్ వస్తాడన్నారు. సెలవు పెట్టి రోజంతా ఇంట్లోనే కూర్చున్నాను. సాయంత్రం రాజమండ్రి నుంచి ఒకతను ఫోన్ చేసి, మీ ఊరు మా ఏరియాలోకి రాదండీ అన్నాడు. ఆ వెంటనే మెసేజ్: కస్టమర్ ఇంట్లో లేరు, ఫిర్యాదు ముగించాం. ఆ అబద్ధం ఎవరు రాశారో నాకు తెలియాలి.

ఆ వారంలోనే, నేను ఇల్లు చేరేలోపు, బావురుపిల్లి గూట్లో దూరింది. తలుపు జారే పట్టాలో ఈకలు ఇరుక్కుని ఉన్నాయి. పొదుగుతున్న పెట్ట మెడ కొరికి ఈడ్చుకుపోయింది, గుడ్లు చల్లబడిపోయాయి. ఆ సంగతి చెబితే మీ ఏజెంట్ అన్న మాట: “కోడే కదా మేడమ్, ఇంకోటి కొనుక్కోండి. అప్పటిదాకా తలుపు చేత్తో వేసుకోండి.” చేత్తో వేసుకోగలిగితే మీ తలుపెందుకు కొంటాను? ఆ పెట్ట మా అత్తయ్య చేతుల్లో పెరిగింది. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. ఇప్పుడు రోజూ పక్కింటి పిల్లాణ్ని బతిమాలి గూటికి రేకు అడ్డం పెట్టించుకుంటున్నారు.

అడ్వర్టైజ్‌మెంట్‌లో “మీ కోళ్ల భద్రత మా బాధ్యత” అని రాస్తారు. కొనేవరకేనా ఆ బాధ్యత? డబ్బు కట్టేముందు ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తారు. ఇప్పుడేమో పాట వినిపించి, కాసేపటికి లైన్ కట్ చేస్తున్నారు. మీ మాట నమ్మి పదిమందికి చెప్పిన నాకే ఇలా జరిగితే, వాళ్ల ముందు నేను ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఈ-కామర్స్ నిబంధనలు 2020లోనే వచ్చాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీరు రెండూ చెయ్యలేదు. ఒక మనిషి మా ఇంటికి వచ్చి గూడు చూడాలి. తలుపు బాగుచేస్తారో, మారుస్తారో, డబ్బు వెనక్కిస్తారో అప్పుడు మాట్లాడుకుందాం. కోడే కదా అన్న మాటకి మాత్రం మా అత్తయ్యకు క్షమాపణ చెప్పాలి, అదీ కాగితం మీద.

ఈసారి కూడా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఈ ధర వస్తువుకి ఫీజు కూడా ఉండదు. మీ మెసేజ్‌లన్నీ దాచి ఉంచాను, ఇంట్లో లేరన్న మెసేజ్‌తో సహా. ఆడపడుచు తలుపు వారంటీ కూడా ఇంకా ఉంది, ఆవిడా నాతోపాటు సంతకం పెడుతుంది.

సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయండి. ఈసారి కాగితం చూసి చదివేవాళ్లు కాకుండా, మీరే చేయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
అమలాపురం దగ్గర, కోనసీమ