డబ్బు పడలేదని వచ్చినవాళ్లకి ముందు ఏం చూడాలి

అమ్మలూ,

ఉద్దానం ఊళ్లో రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం అంటే ఇక నువ్వు రోజూ వినేది ఒకటే మాట: "పక్కింటోళ్లకి పడ్డాయి, మాకు పడలేదమ్మా." తెరమీద అనర్హులని కనిపించిందని పంపెయ్యకు. ముందు, ఏ డబ్బు ఆగిందో అడుగు. రైతుకి ఏడాదికి ఇరవైవేలంటున్న దాంట్లో కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చేది 6,000, మూడు విడతల్లో రెండేసి వేలు. మిగతా 14,000 అన్నదాతా సుఖీభవ కింద రాష్ట్రం 5,000, 5,000, 4,000గా వేస్తుంది. ఐదువేలు పడి రెండువేలు పడకపోతే చిక్కు పీఎం కిసాన్ వైపుంది. రెండూ పడకపోతే 1బి, అంటే ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రెవెన్యూ పత్రం, తీయించు.

మన వైపు ఎక్కువ తంటా అక్కడే. జిరాయితీ, అదే సొంత పట్టా భూమి, తాత పేరునే ఉంటుంది, మనవలు నోటిమాట మీద గట్లు వేసుకుని దున్నుకుంటారు. తాత పోతే డబ్బూ ఆగిపోతుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించుకోమను. పీఎం కిసాన్‌కి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉండాలి. ఆ తర్వాత కొన్నవాళ్లకి రాదు, యజమాని పోయాక వారసులకి మాత్రం వస్తుంది. అందుకే తండ్రి బతికుండగా ఉన్నదంతా కొడుక్కి గిఫ్టు రాసేస్తే తండ్రికి ఆగుతుంది, కొడుక్కీ రాదు. రాయించుకోబోయేవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పు.

1బిలో పేరున్నా ఆ భూమి ఖాతాకి ఇంకొకరి ఆధార్ ఎక్కి ఉండొచ్చు. ఇంటిపేరు, పేరు రెండూ కలిసేవాళ్లు ఊరికి నలుగురుంటారు మరి. అది దిద్దాల్సింది రెవెన్యూవాళ్లు. ఖాతా నంబరు, సర్వే నంబరు వేసి అర్జీ నువ్వే రాసిపెట్టు.

ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) దగ్గర పలాస జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లని కసరకు. జీడిపిక్కల నూనెకి వేళ్ల తోలు ఊడి ముద్రలు పడవు. ఫోన్‌కి వచ్చే ఓటీపీతోనో, యాప్‌లో ముఖం చూపించో చేయొచ్చు.

బ్యాంకు సంగతి: డబ్బు వాళ్లు తెచ్చిన పాసుబుక్కులో పడదు, ఆధార్ చివరిగా ఏ బ్యాంకుకి అనుసంధానమైందో అక్కడ పడుతుంది. సిమ్ము కొన్నప్పుడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో పడి ఉన్నా వాళ్లకి తెలియదు.

నిజంగా అర్హత లేనివాళ్లూ ఉంటారు: గత ఏడాది ఆదాయపు పన్ను కట్టినవాళ్లు, నాలుగో తరగతి కాని ప్రభుత్వోద్యోగులు, నెలకి పదివేలు, ఆపైన పింఛను తీసుకునేవాళ్లు. భార్యాభర్తలిద్దరి పేరునా భూమి ఉన్నా కుటుంబానికి ఒక్కరికే.

కౌలుదార్లు ఇంకో తలనొప్పి. పీఎం కిసాన్ వాళ్లకి లేనేలేదు. రాష్ట్రం ఇచ్చేది రావాలంటే సాగుదారు హక్కు కార్డుండాలి, దాని గడువు 11 నెలలు. బుగత, అంటే భూయజమాని, విశాఖలో ఉంటాడు, కార్డుకి సంతకమంటే భూమి పోతుందని భయం. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు, పంట రుణానికి, బీమాకి, నష్టపరిహారానికి, ఇలాంటి సాయాలకి మాత్రమే పనికొస్తుంది. వీఆర్వోని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో ఆ మాటే చెప్పు. కొందరు వింటారు. విననివాళ్లు ఎక్కువ, అదీ చెబుతున్నాను.

కార్డున్నా ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో ఎక్కించే నమోదులో, బుగత పేరు ఎక్కితే అంతా వృథా. తిత్లీ లాంటి తుఫానొచ్చి 33 శాతం పైగా పంట పోతే ఇన్‌పుట్ సబ్సిడీ (పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) నమోదైన పేరుకే పోతుంది, ధాన్యం అమ్ముకోబోయినా కొనుగోలు కేంద్రంలో అదే పేరు అడుగుతారు. కనక ఇంట్లో కూర్చుని నమోదు చెయ్యకు. మడిగట్టు మీదికి వెళ్లి ఎవరు నాటారో అడిగి ఎక్కించు. సామాజిక తనిఖీకి జాబితా గోడకి అంటించిన రోజున చదువురానివాళ్లకి సర్వే నంబరు, పేరు, పంట పైకి చదివి వినిపించు. అభ్యంతరాల గడువు దాటితే దిద్దడం నీ చేతిలో ఉండదు.

మీ నాన్న